గ్రాఫికల్ డేటా మ్యాపింగ్: అనంతపురం వాన లెక్కల ఆధారంగా

ఒక కంప్యూటర్ వ్యవస్థ పంపిన సందేశాన్ని మరో వ్యవస్థకు అర్థమయ్యే రూపంలోకి మార్చే నియమాలను, కోడ్ రాయకుండా తెర మీద గీతలు లాగి అమర్చే పద్ధతిని గ్రాఫికల్ డేటా మ్యాపింగ్ అంటారు. తెరకు ఎడమ పక్కన వచ్చే సందేశంలోని ఫీల్డులు, కుడి పక్కన వెళ్లాల్సిన సందేశంలోని ఫీల్డులు వరుసగా కనిపిస్తాయి. ఎడమ నుంచి కుడికి మౌస్‌తో ఒక గీత లాగితే అది ఒక నియమం. అలాంటి గీతలన్నీ ఉన్న ఫైలే మ్యాప్. బ్యాంకులు, రైల్వేలు, ఆసుపత్రులు, ప్రభుత్వ శాఖలు వేర్వేరు కాలాల్లో వేర్వేరు చేతుల మీదుగా కట్టించుకున్న సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాల్సిన ప్రతిచోటా ఈ పని ఉంటుంది.

గీత లాగడం క్షణాల్లో అయిపోతుంది. ఎడమ పక్క ఫీల్డు ఖాళీగా వస్తే కుడి పక్క ఏం రాయాలి, రోజు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, కొలత ఏ కొలత, కోడ్ ఏ జాబితాలోది అని తేల్చుకోవడమే అసలు పని. ఆ నిర్ణయాల బరువు అనంతపురం లాంటి కరవు సీమలో తెలిసినంతగా మరోచోట తెలియదు. ఇక్కడ ఖాళీని సున్నాగా రాస్తే ఒక మండలం రైతుల బీమా లెక్కే మారిపోతుంది.

వాన, వేరుశనగ, బీమా

పడమటి కనుమలు నైరుతి మబ్బులకు అడ్డు నిలవడం, ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గిపోవడం అనంతపురం పీఠభూమికి రెండు వైపులా పడిన దెబ్బ. ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఎర్ర నేలల్లో వర్షాధారంగా వేసే ఖరీఫ్ వేరుశనగే దశాబ్దాలుగా ప్రధాన పంట. కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి-3, కదిరి-6, కదిరి-9, కదిరి లేపాక్షి రకాలు ఈ నేల కోసం ఎంచినవే. పంటకు తడి కావాల్సిన దశలో చినుకు లేకపోతే దిగుబడి పడిపోతుంది. అందుకే ఇక్కడ ఎంత వాన పడిందన్నదానితో పాటు ఏ రోజు పడిందన్నదీ ముఖ్యం.

2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో ఐసీఐసీఐ లాంబార్డ్, బేసిక్స్ సంస్థలు ప్రపంచ బ్యాంకు సాంకేతిక సాయంతో రైతులకు వర్షపాత బీమా అమ్మాయి. మరుసటి ఏడాది అది అనంతపురానికీ వచ్చింది. ఈ బీమాలో పొలం చూడరు, దిగుబడి కొలవరు. దగ్గరి వర్షమాపక కేంద్రంలో నమోదైన మిల్లీమీటర్లే పరిహారాన్ని నిర్ణయిస్తాయి. 2007లో కేంద్ర ప్రభుత్వం వాతావరణ ఆధారిత పంటల బీమాను మొదలుపెట్టింది. 2016 ఖరీఫ్‌లో ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనతో పాటు ఆ పథకాన్ని కొత్త రూపంలో అమలు చేశారు. ఆంధ్రప్రదేశ్ 2020లో కేంద్ర పథకం నుంచి బయటికి వచ్చి సొంతంగా ఉచిత పంటల బీమా నడిపి, 2022 ఖరీఫ్‌లో తిరిగి కేంద్ర పథకంలో చేరింది. ఆ సందర్భంలోనే రాష్ట్ర ఈ-పంట నమోదు సమాచారాన్ని జాతీయ పంటల బీమా పోర్టల్‌తో అనుసంధానించారు. ఒక రాష్ట్ర వ్యవస్థలోని పంట వివరం కేంద్ర వ్యవస్థలో బీమా వివరంగా మారాలంటే మధ్యలో ఎవరో ఒకరు ఫీల్డుకు ఫీల్డు జత కుదర్చక తప్పదు. ఆ పని కోడ్‌తో చేసినా గీతలతో చేసినా తేల్చుకోవాల్సిన ప్రశ్నలు ఒకటే.

గీతలు ఎలా వచ్చాయి

1998 ఫిబ్రవరిలో ఎక్స్‌ఎమ్‌ఎల్, 1999 నవంబరులో దాన్ని ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ, ఎక్స్‌పాత్ ప్రమాణాలు వెలువడ్డాయి. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని చేత్తో రాయడం కష్టం. గీతలు లాగితే లోపల ఆ కోడ్‌ను తానే తయారుచేసే ఎడిటర్లు అందుకే పుట్టుకొచ్చాయి. మైక్రోసాఫ్ట్ బిజ్‌టాక్ సర్వర్‌లోని మ్యాపర్ ఆ కోవలోనిదే. అందులో గీతల మధ్య పెట్టే చిన్న పెట్టెలను ఫంక్టాయిడ్లు అంటారు. ఎస్‌ఏపీ తన ఇంటిగ్రేషన్ సాఫ్ట్‌వేర్‌లో మెసేజ్ మ్యాపింగ్ పేరుతో, ఒరాకిల్ తన ఎస్‌ఓఏ సూట్‌లో, ఆల్టోవా మ్యాప్‌ఫోర్స్ పేరుతో ఇదే పని చేశాయి. ఇన్ఫర్మాటికా, టాలెండ్ లాంటివి డేటాబేస్ పట్టికల మధ్య ఈ పద్ధతిని వాడాయి. ఐబీఎమ్ వారి మెసేజ్ బ్రోకర్ 8వ వెర్షన్‌లో కొత్త గ్రాఫికల్ డేటా మ్యాపింగ్ ఎడిటర్ వచ్చింది. ఆ సాఫ్ట్‌వేరే తర్వాత ఇంటిగ్రేషన్ బస్‌గా, ఆపై యాప్ కనెక్ట్ ఎంటర్‌ప్రైజ్‌గా పేరు మార్చుకుంది. మ్యూల్‌సాఫ్ట్ ఎదురు దారిలో నడిచింది. 2015లో డేటామ్యాపర్ అనే గీతల పరికరాన్ని పక్కకు నెట్టి, డేటావీవ్ అనే రాత భాషను ముందుకు తెచ్చింది.

గ్రెగర్ హోప్, బాబీ వుల్ఫ్ 2003లో రాసిన ఎంటర్‌ప్రైజ్ ఇంటిగ్రేషన్ ప్యాటర్న్స్ పుస్తకం ఈ పనికి మెసేజ్ ట్రాన్స్‌లేటర్ అని పేరు పెట్టింది. ప్రతి వ్యవస్థనూ ప్రతి వ్యవస్థతో నేరుగా జత చేయకుండా, అందరికీ ఉమ్మడిగా ఒక మధ్య రూపం పెట్టుకోవాలన్న సలహా కూడా అందులోదే. పది వ్యవస్థలు ఉంటే నేరుగా కలపడానికి రెండు దిక్కులా కలిపి 90 మ్యాపులు కావాలి. ఉమ్మడి రూపం ఉంటే 20 చాలు.

ఒక మ్యాపును దగ్గరగా చూస్తే

ఐబీఎమ్ ఎడిటర్‌ను తీసుకుని, అనంతపురం వాన లెక్కకు సరిపోయే మ్యాపును ఊహించి అమర్చి చూద్దాం. ఎడమ పక్కన ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం నుంచి గంట గంటకూ వచ్చే సందేశం ఉంది. అందులో కేంద్రం గుర్తింపు సంఖ్య, పరిశీలన సమయం, ఆ గంటలో పడిన వాన ఉంటాయి. కుడి పక్కన బీమా లెక్కకు కావాల్సిన రోజువారీ రికార్డు ఉంది. అందులో మండలం కోడ్, తేదీ, ఆ రోజు వాన, నమోదు నాణ్యత తెలిపే గుర్తు ఉంటాయి.

ముందు రెండు పక్కలకూ నిర్మాణ వివరణ ఇవ్వాలి. ఎక్స్‌ఎమ్‌ఎల్ అయితే స్కీమా ఫైలు, కామాలతో విడదీసిన టెక్స్ట్ అయితే డీఎఫ్‌డీఎల్ నమూనా. వాటిని ఎంచుకుని మ్యాపింగ్ నోడ్‌కు ఒక మ్యాప్ జత చేస్తే రెండు వరుసలూ తెర మీదకు వస్తాయి. ఫీల్డు నుంచి ఫీల్డుకు గీత లాగితే మధ్యలో మూవ్ అనే పెట్టె పడుతుంది. రెండు పక్కలా డేటా రకాలు వేరైతే అది కన్వర్ట్ అవుతుంది. పదేపదే వచ్చే రికార్డులకు ఫర్ ఈచ్, రెండు జాబితాలను కలపడానికి జాయిన్, షరతులకు ఇఫ్, డేటాబేస్ పట్టికలో వెతకడానికి సెలెక్ట్, స్థిర విలువకు అసైన్, సొంత సూత్రానికి కస్టమ్ ఎక్స్‌పాత్ ఉన్నాయి. తరచూ వాడే నియమాల గుంపును సబ్‌మ్యాప్‌గా విడిగా దాచుకుని ఎక్కడైనా పిలవవచ్చు. పేర్లు కలిసిన ఫీల్డులను సాఫ్ట్‌వేరే వెతికి జత చేసే ఆటోమ్యాప్ సౌకర్యమూ ఉంది. దాన్ని మొదటి చూపుకు వాడుకోవాలి తప్ప నమ్ముకోకూడదు. రెండు పక్కలా తేదీ అనే ఫీల్డు ఉన్నంత మాత్రాన అవి రెండూ ఒకే తేదీ కావు.

ఆ తేదీనే తీసుకుందాం. భారత వాతావరణ శాఖ లెక్కలో వాన రోజు ఉదయం 8:30కు ముగుస్తుంది. అంతకు ముందు 24 గంటల్లో పడిన వానను ఆ ఉదయం తేదీ కింద నమోదు చేస్తారు. జూలై 11 సాయంత్రం ఉరవకొండలో పడిన వాన జూలై 12 నాటి వర్షపాతంగా పుస్తకానికి ఎక్కుతుంది. ఇక వాతావరణ సందేశాలు ప్రపంచమంతటా సమన్విత అంతర్జాతీయ కాలమానంలో నడుస్తాయి. మన 8:30 అంటే వారి 03:00. కాబట్టి సందేశంలోని తేదీని కుడి పక్కకు నేరుగా లాగిన గీత తెర మీద ఏ తప్పూ చూపించదు, కానీ చాలా వానను తప్పు రోజుల కింద పోగేస్తుంది. సరైన నియమం ఏమిటంటే, 03:00 దాటిన పరిశీలనలకు తేదీ ఒకటి కలపాలి, సరిగ్గా 03:00కు వచ్చిన పరిశీలనను అదే రోజు కింద ఉంచాలి. కస్టమ్ ఎక్స్‌పాత్‌లో ఇది ఒక్క పంక్తి. ఆ పంక్తి అవసరమని ముందుగా తెలియాలి, అంతే.

తర్వాత మిల్లీమీటర్లు. 2000ల దశకంలో ఇక్కడ అమ్మిన వర్షపాత పాలసీలు రుతుపవన కాలాన్ని విత్తే దశ, పెరిగే దశ, కోత దశగా మూడుగా విడదీశాయి. ఒక్క రోజులో 60 మిల్లీమీటర్లకు మించి పడితే పైభాగాన్ని లెక్కించేవారు కాదు, ఎందుకంటే ఆ నీరు నేలలో ఇంకకుండా వంకల్లో పోతుంది. 2 మిల్లీమీటర్లకు తక్కువ పడితే అదీ లెక్కలోకి వచ్చేది కాదు, ఎందుకంటే ఆ తడి విత్తనం దాకా దిగదు. వరుసగా మూడు రోజులు 1.6, 74, 12 మిల్లీమీటర్లు పడ్డాయనుకుంటే వర్షమాపకం మొత్తం 87.6, పాలసీ మొత్తం 72. మ్యాపులో ఇది మూడు షరతుల ఇఫ్ పెట్టె. వ్యవసాయ శాస్త్రవేత్త చెప్పిన మాట ఒక పెట్టెలో షరతుగా కూర్చుంటుంది, ప్రోగ్రామింగ్ రాని అధికారి కూడా దాన్ని తెర మీద చదివి ఇది తప్పు, ఇది ఒప్పు అని చెప్పగలుగుతాడు. గ్రాఫికల్ పద్ధతికి ఉన్న నిజమైన బలం ఇదేనని ఈ వ్యాసకర్త నమ్మకం. తక్కువ శ్రమతో పని అయిపోతుందని అమ్మకందారులు చెప్పే మాట దీని ముందు చాలా చిన్నది.

ఖాళీ, సున్నా

వాన పడలేదు అనేది ఒక కొలత. ఎంత పడిందో తెలియదు అనేది కొలత లేకపోవడం. మామూలు వ్యాపార సందేశాల్లో ఈ తేడా పట్టించుకోకపోయినా పెద్దగా నష్టం ఉండదు. కరవు లెక్కల్లో ఇదే ప్రాణం.

కేంద్రం బ్యాటరీ దిగిపోయింది, లేదా సిమ్ పనిచేయలేదు. ఆ రోజు సందేశాలే రాలేదు. మ్యాపులో గంటల వాననంతా కూడే చోట ఎక్స్‌పాత్ 2.0 సమ్ ఫంక్షన్ ఉందనుకుందాం. దానికి ఖాళీ జాబితా ఇస్తే జవాబు సున్నా వస్తుంది. ఇది లోపం కాదు, ప్రమాణంలోనే అలా రాసి ఉంది. అదే సగటు ఫంక్షన్‌కు ఖాళీ జాబితా ఇస్తే ఖాళీయే తిరిగి వస్తుంది. అంటే ఏ సందేశమూ రాని రోజును ఈ మ్యాప్ నిక్కచ్చిగా వాన పడని రోజుగా రాసేస్తుంది. ఎక్కడా ఎర్ర గుర్తు పడదు. ఎస్‌ఏపీలో మ్యాప్‌విత్‌డిఫాల్ట్ అనే ఫంక్షన్ ఉంది. ఫీల్డు రాకపోతే మనం ఇచ్చిన విలువను పెడుతుంది. అక్కడ సున్నా అని రాసి పక్కకు తప్పుకోవడం చాలా సులువు.

ఖాళీని సున్నా చేస్తే రైతుకు పరిహారం ఎక్కువే వస్తుంది కదా, మేలే కదా అనిపించవచ్చు. అన్నివేళలా కాదు. పైన చెప్పిన పాలసీల్లో జూన్ 1 నుంచి పడిన వాన మొత్తం 50 మిల్లీమీటర్లు దాటినప్పుడే తొలి దశ మొదలయ్యేది. జూన్‌లో అంత పడకపోతే జూలై 1న దానంతటదే మొదలయ్యేది. జూన్ రెండో వారంలో ఒక మంచి వాన పడిన రోజున సందేశం రాలేదు, మ్యాప్ దాన్ని సున్నాగా రాసింది అనుకుందాం. రైతు ఆ తడికే విత్తేశాడు. కాగితం మీద మాత్రం దశ ఇంకా మొదలే కాలేదు. మొలక ఎండిన ఆ తర్వాతి రోజులు బీమా కాలానికి బయట పడిపోతాయి. వాటికి పైసా రాదు.

అందుకే కూడిక పెట్టెకు ముందు కౌంట్‌తో ఒక ఇఫ్ పెట్టాలి. 24 గంటల సందేశాలూ వచ్చాయా? వస్తే మొత్తం రాయాలి. కొన్నే వస్తే మొత్తం రాసి, నాణ్యత గుర్తులో అసంపూర్ణమని చెప్పాలి. అసలు రాకపోతే వాన ఫీల్డును నిల్‌గా ఉంచి, ఆ రికార్డును పక్కన పెట్టి మనిషి చూసే వరుసలోకి పంపాలి. పక్క కేంద్రం లెక్కను వాడాలా, వర్షమాపకం పుస్తకం తెప్పించాలా అన్నది మనుషులు పాలసీ షరతులను బట్టి తేల్చాల్సిన సంగతి. మ్యాప్ తనంతట తాను తేల్చకూడదు.

కొలతలు, సర్వే నంబర్లు, తెలుగు అక్షరాలు

విస్తీర్ణం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. రాయలసీమలో ఎకరానికి 100 సెంట్లు. 3.75 అంటే మూడు ఎకరాల డెబ్భై ఐదు సెంట్లు, అంటే 1.5176 హెక్టార్లు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. అక్కడి పాస్‌బుక్కులో 3.20 అంటే మూడు ఎకరాల 20 గుంటలు, అంటే మూడున్నర ఎకరాలు. రెండు రాష్ట్రాల రికార్డులను ఒకే సబ్‌మ్యాప్‌తో హెక్టార్లుగా మారిస్తే తెలంగాణ రైతు పొలం కొంత మాయమవుతుంది. చుక్క తర్వాతి అంకెలు దశాంశమా, గుంటలా అన్నది స్కీమా చెప్పదు. రెవెన్యూ సిబ్బందిని అడిగి తెలుసుకోవాలి.

సర్వే నంబరును ఎప్పుడూ అక్షరాల ఫీల్డుగానే ఉంచాలి. 12-3 అని ఉన్న ఉపవిభాగాన్ని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే అది తేదీ అయిపోతుంది. ఆ ఫైలు మ్యాపులోకి వచ్చేసరికి అసలు సంఖ్య తిరిగి రాదు.

తెలుగు పేర్లది మరో బాధ. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలు, గుణింత గుర్తులు ఒక్కొక్కటీ యూటీఎఫ్-8 రూపంలో మూడు బైట్లు తీసుకుంటాయి. వేరుశనగ అన్న మాటలో ఏడు సంకేతాలున్నాయి, అంటే 21 బైట్లు. అవతలి వ్యవస్థలో పంట పేరుకు 20 బైట్ల నిర్ణీత పొడవు ఉంటే చివరి గ అక్షరం మధ్యలో తెగి, చదవలేని గుర్తుగా మిగులుతుంది. ఇంగ్లిషు పేర్లతో పరీక్షించిన మ్యాపులో ఇది కనిపించదు. పరీక్ష సందేశాల్లో పొడవైన తెలుగు ఇంటిపేరు, ఒత్తు అక్షరాలున్న ఊరి పేరు పెట్టి చూడడం ఆనవాయితీగా ఉండాలి. పంట రకాలకు పేర్ల బదులు కోడ్‌లే వాడాలి. కదిరి-6, కె-6, కె 6 అని మూడు రకాలుగా వచ్చినదంతా పట్టికలో ఒకే కోడ్‌కు చేరాలి. పట్టికలో లేని పేరు వస్తే ఇతరములు అనే గంపలో వేయకుండా ఆపి చూపించాలి.

గీతల హద్దులు

ముప్పై ఫీల్డుల మ్యాపును ఎవరైనా చదవగలరు. మూడు వందల ఫీల్డులైతే తెర నిండా గీతలు అల్లుకుపోయి, ఏది ఎక్కడికి పోతోందో వేలు పెట్టి వెతకాల్సి వస్తుంది. నిన్నటి మ్యాపుకూ నేటి మ్యాపుకూ తేడా ఏమిటో పోల్చడం రాత కోడ్‌లో సులువు. బొమ్మలో కష్టం, ఎందుకంటే లోపల అది కూడా ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలే, ఒక గీత మారితే ఎన్నో పంక్తులు కదులుతాయి. మ్యాపును చిన్న సబ్‌మ్యాపులుగా విరవడం, కఠినమైన లెక్కలను ఎక్స్‌పాత్, జావా, ఈఎస్‌క్యూఎల్ పెట్టెల్లో విడిగా రాసుకోవడం ఇందుకే. మ్యూల్‌సాఫ్ట్ రాత వైపు మళ్లడంలో న్యాయం ఉంది. అయినా వ్యవసాయ శాఖ, బీమా సంస్థ, గణాంక శాఖ ఒకే బల్ల చుట్టూ కూర్చుని నియమాలు ఒప్పుకోవాల్సిన చోట బొమ్మకు సాటి వచ్చేది ఇంకా కనబడలేదు.

ఈ మ్యాపింగ్ పని వానకే పరిమితమైన సంగతి కాదు. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆంధ్రప్రదేశ్ చాలా ఏళ్లు ఆ పథకాన్ని సొంత సాఫ్ట్‌వేర్‌తో నడిపి, ఆ లెక్కలను కేంద్ర వ్యవస్థకు అందించింది. జాబ్‌కార్డు నంబరు, పని కోడ్, హాజరు, కూలి, ఖాతా ఇవన్నీ ఒక నిర్మాణం నుంచి మరో నిర్మాణంలోకి మారాలి. కూలీ పేరు ఆధార్‌లో ఒకలా, బ్యాంకులో మరోలా ఉంటే సందేశం తిరిగొస్తుంది, కూలి ఆగిపోతుంది.

కోడ్ పట్టికలు, కొత్త జిల్లాలు

మ్యాపులో ఎక్కువ కాలం శ్రమ తీసుకునేది కోడ్ పట్టిక. ఒకే అనంతపురం జిల్లాకు 2011 జనాభా లెక్కల్లో 553, కేంద్ర స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలో 502. ఒక వ్యవస్థ మొదటిది, మరొకటి రెండోది పంపుతుంది. మూడోది పేరే పంపుతుంది, అదీ నాలుగు రకాల ఇంగ్లిషు స్పెల్లింగులతో. మ్యాపులో సెలెక్ట్ పెట్టె పెట్టి డేటాబేస్ పట్టికలో వెతికించడం సరైన దారి. ఇఫ్ పెట్టెల్లో 553, 502 అని నేరుగా రాసేస్తే కోడ్ మారిన రోజున మ్యాపులన్నీ తిరగరాయాలి.

కోడ్‌లు మారనే మారాయి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. 63 మండలాల అనంతపురం జిల్లా నుంచి హిందూపురం, కదిరి, ధర్మవరం, పెనుకొండ ప్రాంతాలతో పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. మండలం మారలేదు, దాని పైన ఉన్న జిల్లా మారింది. పట్టికలో పాత వరుసను చెరిపి కొత్తది రాస్తే సరిపోతుందనుకునే చోటే పెద్ద ఇరకాటం ఉంది. 2021 ఖరీఫ్‌లో నష్టపోయిన రైతులకు ఉచిత పంటల బీమా పరిహారం విడుదలైంది 2022 జూన్ 14న, చెన్నేకొత్తపల్లిలో. పంట వేసినప్పుడు ఆ ఊరు అనంతపురం జిల్లా. డబ్బు వచ్చిన నాటికి శ్రీ సత్యసాయి జిల్లా. ఇలాంటి రికార్డును పంట నాటి కోడ్‌తో వెతకాలా, చెల్లింపు నాటి కోడ్‌తో వెతకాలా?

జవాబు పట్టికలోనే ఉండాలి. ప్రతి వరుసకూ మండలం కోడ్, జిల్లా కోడ్‌తో పాటు ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా అని రెండు తేదీలు ఉంచాలి. పాత వరుసకు 2022 ఏప్రిల్ 3 ముగింపు, కొత్త వరుసకు ఏప్రిల్ 4 ప్రారంభం. సెలెక్ట్ పెట్టె షరతులో మండలం కోడ్ ఒక్కటే కాకుండా తేదీనీ చేర్చాలి. దిగుబడి, వాన, నష్టం లెక్కలకు పంట కాలం తేదీతో వెతికి పాత జిల్లాను తేవాలి. బ్యాంకు చెల్లింపు, కలెక్టరేట్ నివేదిక కోసం విడుదల తేదీతో మరోసారి వెతికి కొత్త జిల్లాను తేవాలి. కుడి పక్క సందేశంలో జిల్లాకు ఒకే ఫీల్డు ఉంటే అవతలి వారితో మాట్లాడి రెండోది అడగాలి. దశాబ్దం కిందటి వాన లెక్కను నేటి శ్రీ సత్యసాయి జిల్లా సగటుతో పోల్చాలన్నా ఇదే పట్టిక కావాలి. మండలాల వారీగా పాత రికార్డులను కొత్త జిల్లా కిందకు కూడి చూస్తేనే ఆ పోలిక నిలుస్తుంది.